ఆ పసుపు దీపము ఏమి అడుగుచున్నది?



ఇంటి ఖర్చులను గూర్చి, ఇంటి జాగ్రత్తలను గూర్చి మనము ఈ పుటలో మాట్లాడుకొనుచున్నాము. ఈ నెల కారును గూర్చి వ్రాయుచున్నామంటే కొందరు ఆశ్చర్యపడవచ్చును. అయితే ఒకప్పుడు సైకిలు మాత్రమే ఉండిన ఇండ్లలో ఈనాడు వాయిదాల మీద కొన్నదో, చేతులు మారి వచ్చినదో ఒక కారు నిలిచి యున్నది. ఇంటిల్లిపాది దానిలో ప్రయాణము చేయుచున్నారు. కొందరికి అదే జీవనాధారము. గనుక దానిని గూర్చి తెలిసికొనుట కూడ ఇంటి జ్ఞానములో భాగమే.

మమ్మును అనేకులు అడిగిన ప్రశ్న ఒకటి ఉన్నది. "కారు బాగానే నడుస్తోంది. శబ్దమూ లేదు, పొగా లేదు. కాని ముందు అద్దాల దగ్గర పసుపు రంగులో ఇంజన్ బొమ్మ ఒకటి వెలిగి ఆరడం లేదు. ఏం చేయాలి?" దీనినే కొందరు చెక్ ఇంజన్ లైటు అందురు, డ్రైవర్లు క్లుప్తముగా ఇంజన్ లైటు అందురు.

ఈ దీపము వెలిగినప్పుడు మనుష్యులు మూడు విధములుగా ప్రవర్తించుట చూచుచున్నాము. కొందరు నెలల తరబడి దానిని పట్టించుకొనరు. కొందరు భయపడి, షెడ్డులో ఏది మార్చమంటే అది మార్పించి అప్పులపాలగుదురు. మరికొందరు "ఆ లైటు ఆర్పేయండి చాలు" అందురు. ఈ మూడింటిలో ఏదియు సరియైనది కాదు. ఆ దీపము తీర్పు చెప్పుట లేదు, ఒక ప్రశ్న అడుగుచున్నది. ఆ ప్రశ్న ఏమిటో తెలిసికొనక ముందు డబ్బు ఖర్చు పెట్టకూడదు, తెలిసికొనక ముందు దానిని ఆర్పనూ కూడదు. ఈ నెల మేము చెప్పగోరునది ఇదియే.

మొదట చూడవలసినది

డ్యాష్‌బోర్డులో వెలిగే దీపములన్నియు ఒకటి కావు. ఎర్ర రంగులో నూనె డబ్బా బొమ్మ వెలిగినచో ఇంజన్ ఆయిలుకు తగినంత ఒత్తిడి లేదని అర్థము. వేడిని చూపే బొమ్మ ఎర్రగా వెలిగినచో ఇంజన్ మితిమీరి కాగుచున్నదని అర్థము. ఈ రెండింటిలో ఏది వెలిగినను వెంటనే బండి పక్కకు తీసి, ఇంజన్ ఆపివేయవలెను. ఇంటికి ఇక రెండు కిలోమీటర్లే గదా అని నడిపినచో ఇంజన్ మొత్తము పాడైపోగలదు.

పసుపు రంగు ఇంజన్ బొమ్మ అలాంటిది కాదు. అది నిలకడగా వెలుగుచుండి, బండి ఎప్పటివలె నడుచుచున్నచో భయపడనక్కరలేదు. మెల్లగా గమ్యము చేరి, ఒకటి రెండు రోజులలో చూపించుకొనవచ్చును. అయితే ఆ బొమ్మ ఆరుతూ వెలుగుతూ మిణుకుమిణుకుమనుచున్నచో సంగతి వేరు. ఇంజన్‌లో ఒక సిలిండరు సరిగా మండక మిస్ కొట్టుచున్నదని, అది సైలెన్సరు దారిలోని విలువైన భాగమును పాడుచేయునంత తీవ్రముగా ఉన్నదని దాని భావము. అప్పుడు యాక్సిలరేటరు తగ్గించి, వీలైనంత త్వరగా బండి ఆపవలెను. రాత్రివేళ ఒంటరిగా నడుపుకొనుచున్న సహోదరీలు జనసంచారమున్న పెట్రోలు బంకు వరకు నెమ్మదిగా పోయి, అక్కడ ఆపి ఇంటికి ఫోను చేయుట మంచిది.

ఈ దీపము ఎందుకు పుట్టినది?

బండి బాగా నడుచుచున్నను దీపము ఎందుకు వెలుగునో అర్థము కావలెనంటే దాని పుట్టుక తెలియవలెను. అమెరికాలోని లాస్ ఏంజిలిస్ నగరమును 1940వ దశకమునుండి ఒక విధమైన గోధుమ రంగు పొగమంచు కమ్ముకొనుచుండెను. కండ్లు మండేవి, ఊపిరి ఆడేది కాదు. కాల్టెక్ విద్యాసంస్థలో పనిచేసిన ఆరీ హాగెన్‌స్మిట్ అను శాస్త్రవేత్త, వాహనముల పొగలోని కాలని ఇంధనపు ఆవిరులు, నైట్రోజన్ ఆక్సైడులు ఎండలో కలిసి ఆ పొగమంచుగా మారుచున్నవని 1950వ దశకపు ఆరంభములో చూపించెను. అటుతరువాత ఆ కాలిఫోర్నియా రాష్ట్రమే కఠినమైన నిబంధనలు పెట్టెను. కారు తన పొగను శుభ్రపరచు భాగములను తానే కనిపెట్టుకొనుచు, లోపమున్నచో నడుపువానికి దీపము ద్వారా తెలుపవలెనని 1988 మోడలు కార్లనుండి అక్కడ నియమము వచ్చెను. 1996 మోడలునుండి అమెరికా అంతటను కొత్త కార్లన్నిటికి ఒకే రకమైన పద్ధతి, ఒకే రకమైన ప్లగ్గు తప్పనిసరి ఆయెను. దీనినే ఓబీడీ2 అందురు.

మన దేశములో ఈ ఏర్పాటు బి.ఎస్.4 ప్రమాణములతో దశలవారీగా వచ్చెను. బి.ఎస్.4 మొదట 2010 ఏప్రిల్‌లో హైదరాబాదుతో సహా కొన్ని పెద్ద నగరములలోను, 2017 ఏప్రిల్‌లో దేశమంతటను అమలు జరిగెను. 2020 ఏప్రిల్ 1 నుండి బి.ఎస్.6 వచ్చినది. 2023 ఏప్రిల్‌లో దాని రెండవ దశ వచ్చి, రోడ్డు మీద నడుచునప్పుడు కూడ పొగ హద్దులో ఉండవలెనని కోరుచున్నది.

కాబట్టి ఈ దీపము ముఖ్యముగా పొగకు కాపలా. టైర్లను గూర్చి గాని బ్రేకులను గూర్చి గాని అది చెప్పదు. బండి పికప్ తగ్గకపోయినను, వెనుకనుండి వచ్చు పొగ చెడినచో అది వెలుగును. మన పిల్లలు పీల్చే గాలిని గూర్చిన దీపము అది. అంతమాత్రమే కాదు, పొగను చెరచిన లోపమే కొంతకాలమునకు మైలేజీని, ఆ తరువాత మన జేబును చెరచును.

దీపము వెనుక ఏమి జరుగును?

ఇంజన్‌కు ఒక చిన్న కంప్యూటరు ఉన్నది. లోపలికి ఎంత గాలి పోవుచున్నది, నీరు ఎంత వేడిగా ఉన్నది, సైలెన్సరు గొట్టములో ఎంత ప్రాణవాయువు మిగిలినది అని చెప్పుటకు దానికి పలు సెన్సర్లు ఉన్నవి. శుద్ధమైన పెట్రోలు 1 వంతు పూర్తిగా కాలుటకు బరువులో దాదాపు 14.7 వంతుల గాలి కావలెను. సైలెన్సరులోని ఆక్సిజన్ సెన్సరు ఈ పాళ్లను కనిపెట్టి కబురు పంపుచుండగా, కంప్యూటరు పెట్రోలును కొంచెము పెంచుచు, కొంచెము తగ్గించుచు సరిచేయుచుండును. కూర రుచి చూచి చిటికెడు ఉప్పు కలిపే తల్లివలె అది క్షణక్షణము సరిచేయును.

సరిచేయుట తన హద్దు దాటినప్పుడు గాని, ఒక సెన్సరు మాట నమ్మశక్యము కానప్పుడు గాని అది లోపమును గుర్తించును. చాలా లోపములకు మొదటిసారే దీపము వెలిగించదు. రెండవ, మూడవ ప్రయాణములో కూడ అదే లోపము కనబడినచో అప్పుడు వెలిగించును. గనుక దీపము వెలిగినదంటే కంప్యూటరు తొందరపడి అరచినది కాదు. వెలిగించునప్పుడు ఒక కోడు సంఖ్యను, ఆ సమయమున ఇంజన్ వేగమెంత, వేడి ఎంత అను వివరములను కూడ జ్ఞాపకములో వ్రాసి పెట్టుకొనును. లోపము తిరిగి రాక, వరుసగా మూడు ప్రయాణములు సరిగా గడచినచో దీపము దానంతట అదే ఆరిపోవును. అయినను ఆ కోడు ఇంకను కొంతకాలము లోపల నిలిచియుండును.

కోడు చదువుట ఎట్లు?

స్టీరింగు కింద, మోకాళ్లకు దగ్గరగా 16 పిన్నులున్న ఒక ప్లగ్గు ఉండును. స్కానరును అక్కడ తగిలించినచో కోడు కనబడును. ఇప్పుడు చిన్న స్కానర్లు వెయ్యి రూపాయల లోపే దొరుకుచున్నవి, సెల్‌ఫోను తెర మీద కోడును చూపును. నాలుగు కుటుంబములు కలిసి ఒకటి కొనుక్కున్నను చాలును. అమెరికాలోనున్న మన తెలుగువారికైతే అక్కడి కొన్ని విడిభాగముల దుకాణములలో ఉచితముగా చదివి చెప్పుదురు.

కోడులో ఒక అక్షరము, నాలుగు గుర్తులు ఉండును. మొదటి అక్షరము పీ అయినచో అది ఇంజన్, గేరుబాక్సులకు సంబంధించినది. తరువాత సున్న ఉన్నచో అన్ని కంపెనీలకు ఒకే అర్థము గలది, ఒకటి ఉన్నచో ఆ కంపెనీ సొంతముగా పెట్టుకొన్నది. మూడవ స్థానములో 1 లేక 2 ఉన్నచో ఇంధనము, గాలి. 3 ఉన్నచో స్పార్కు, మిస్సింగు. 4 ఉన్నచో పొగను శుభ్రపరచు భాగములు. ఉదాహరణకు పీ0301 అనగా మొదటి సిలిండరు మిస్ కొట్టుచున్నది. పీ0171 అనగా గాలి ఎక్కువై పెట్రోలు తక్కువగుచున్నది. పీ0420 అనగా సైలెన్సరులోని కెటలిటిక్ కన్వర్టరు తగినంతగా పనిచేయుట లేదు.

ఇక్కడనే అనేకులు పొరబడుచున్నారు. కోడు ఎక్కడ వెదకవలెనో చెప్పును గాని, ఏ భాగము కొనవలెనో చెప్పదు. జ్వరమెంతో థర్మామీటరు చెప్పును, అది మలేరియానా టైఫాయిడా అని చెప్పదు. రక్తపరీక్ష చేయకుండ మందులు మార్చి మార్చి వాడిన రోగి ఏమగునో, పరీక్ష చేయకుండ భాగములు మార్చిన కారు యజమాని అదే అగును.

ఒక సహోదరుని అనుభవము

కోనసీమలో కారు అద్దెకు నడుపుకొనే ఒక సహోదరుడు మాకు తెలియును. రోగులను కాకినాడకు, దూరదేశములు పోయేవారిని మధురపూడి విమానాశ్రయమునకు చేర్చుట అతని పని. బండి మీద ఇంకను రెండు సంవత్సరముల వాయిదాలు ఉన్నవి. ఇంజన్ లైటు వెలిగినది. ఒక షెడ్డులో స్కానరు పెట్టి పీ0171 అని చూచి, ఆక్సిజన్ సెన్సరు పోయినదని చెప్పి కొత్తది వేసిరి. సెన్సరుకు, కూలికి కలిపి నాలుగు వేల ఎనిమిది వందలు ఆయెను. కోడు చెరిపిరి, దీపము ఆరెను. మూడవ రోజున రావులపాలెము దాటుచుండగా తిరిగి వెలిగెను.

రెండవ షెడ్డులో ఇంజెక్టర్లు కడిగిరి. అది మరి పద్దెనిమిది వందలు. రెండు రోజులు గడచి మరల వెలిగెను. అక్కడివారు ఈసారి పెట్రోలు పంపు మార్చవలెనని, తొమ్మిది వేలగునని చెప్పిరి. ఆ నెల వాయిదా కట్టవలసిన డబ్బు అది. "అయ్యగారూ, బండి అమ్మేద్దామనుకుంటున్నాను. లైటు ఆర్పించి ఇచ్చేస్తే కొన్నవాడు చూసుకుంటాడు," అని అతడు మాతో అన్నాడు. అమ్మిన తరువాత దేనితో బ్రదుకుదువని అడుగగా అతని యొద్ద జవాబు లేదు. అమ్ముటకు ముందు ఒక్కసారి పాత మేస్త్రి యొకరికి చూపించుమని మేము చెప్పితిమి.

ఆ మేస్త్రి ఏ భాగమును విప్పలేదు. స్కానరులో కోడు చూచి ఊరుకొనక, కంప్యూటరు ఎంత పెట్రోలు అదనముగా కలుపుచున్నదో చూపే అంకెను తెరపై పెట్టెను. బండి నిలిచి నెమ్మదిగా తిరుగుచున్నప్పుడు ఆ అంకె 22 శాతము ఉండెను. యాక్సిలరేటరు తొక్కి 2500 చుట్ల వద్ద పట్టి ఉంచగా 5 శాతమునకు దిగెను. "బాబూ, పంపు బలహీనమైతే తొక్కినప్పుడు ఇంకా పెరగాలి, తగ్గకూడదు. నెమ్మదిగా ఉన్నప్పుడే ఎక్కువ అంటే ఎక్కడో దొంగగాలి దూరుతోంది," అని అతడు చెప్పెను.

ఇందులోని తర్కము తేలికైనది. ఆ కారులో లోపలికి పోవు గాలిని కొలిచే సెన్సరు ఎయిర్ ఫిల్టరు పక్కన ఉన్నది. దానిని దాటిన తరువాత గొట్టములో చీలిక ఉన్నచో, కొలతకు రాని గాలి లోపలికి పోవును. ఇంజన్ నెమ్మదిగా తిరుగుచున్నప్పుడు పీల్చుడు బలముగా ఉండును, మొత్తము గాలి తక్కువగా ఉండును. గనుక చీలికనుండి వచ్చినది పెద్ద వంతు అగును. వేగము పెరిగినప్పుడు అదే గాలి చిన్న వంతు అగును. పెట్రోలు పంపు లోపమైనచో దీనికి విరుద్ధముగా ఉండును. ఎక్కువ పెట్రోలు కావలసినప్పుడే కొరత కనబడును.

మేస్త్రి ఒక సన్నని రబ్బరు గొట్టము కొనను చెవి వద్ద పెట్టుకొని, రెండవ కొనను ఇంజన్ చుట్టును తిప్పెను. ఒకచోట బుస్సుమని వినబడెను. ఇంజన్ వెనుకవైపు, కంటికి కనబడనిచోట, బొటనవ్రేలంత లావు రబ్బరు గొట్టము వేడికి గట్టిపడి వంపు దగ్గర చీలి యుండెను. కొత్త గొట్టము, రెండు క్లిప్పులు, కూలి అన్నియు కలిపి ఆరు వందల యాభై రూపాయలు. దీపము ఆరెను, మరల వెలుగలేదు. ఆ సహోదరుడు నేటికిని ఆ బండియే నడుపుచున్నాడు.

మొదటి షెడ్డువారు మార్చిన ఆక్సిజన్ సెన్సరు నిజమే చెప్పినది. గాలి ఎక్కువైనదని అది సరిగానే కబురు పంపినది. దొంగ వచ్చినాడని కేక వేసిన కాపలావానిని పనిలోనుండి తీసివేసినట్లు, వారు నిజము చెప్పినదానినే తీసి పారవేసిరి.

మన ప్రాంతములో తరచుగా కనబడు కారణములు

ఎలుకలు: ఇది చిన్న సంగతి కాదు. రాత్రివేళ వెచ్చని ఇంజన్ దగ్గర చేరి వైర్లను కొరుకును. వరి కోతల కాలములో, వర్షాకాలములో చెట్టుకింద, ఖాళీ స్థలముల పక్కన నిలిపిన కార్లకు ఈ బాధ ఎక్కువ. రాత్రికి రాత్రి దీపము వెలిగినచో మొదట బానెట్ ఎత్తి, తెగిన వైర్లు, ఎలుక పెంటికలు ఉన్నవేమో చూడండి. కారులో తినుబండారముల ముక్కలు విడువకుండుట సగము వైద్యము.

నీరు: 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ మొదలగు ప్రాంతములు మునిగినప్పుడు అనేక కార్లు రోజుల తరబడి నీటిలో ఉండెను. అట్టి బండి పైకి ఎండి, శుభ్రపడి కనబడినను, వైర్లు కలిసే కప్లర్ల లోపల పచ్చని తుప్పు నెలల తరువాత బయలుపడును. ఒక్కొక్కసారి ఒక్కొక్క కోడు చూపుచున్న బండిలో ముందుగా అనుమానించవలసినది కప్లర్లనే.

స్పార్క్ ప్లగ్గులు, కాయిళ్లు: పెట్రోలు బండి మిస్ కొట్టుటకు ఇవి సాధారణ కారణములు. మొదటి సిలిండరు కాయిలును రెండవదానికి మార్చి వేసి చూచినచో, కోడు కూడ పీ0301 నుండి పీ0302కు మారినయెడల లోపము ఆ కాయిలుదే. పైసా ఖర్చులేని పరీక్ష ఇది.

బయట వేయించిన గ్యాసు కిట్లు: అమరిక సరిగా లేనిచో గాలి, ఇంధనముల పాళ్లు తప్పి దీపము వెలుగును. పెట్రోలు మీద నడిపినప్పుడు కోడు రాక, గ్యాసు మీద మాత్రమే వచ్చుచున్నచో కిట్టు వేసినవారి యొద్దకే పోవలెను.

డీజిలు బండ్లు: బి.ఎస్.6 డీజిలు కార్ల సైలెన్సరులో మసిని పట్టియుంచు వడపోత ఉన్నది. పొగ బాగా వేడెక్కినప్పుడు ఆ మసి కాలిపోవును. ఇల్లు, బజారు, బడి అని రోజూ రెండు కిలోమీటర్లు మాత్రమే తిరుగు బండికి ఆ వేడి పుట్టదు, మసి నిండిపోవును. కారుతో ఇచ్చిన పుస్తకములో చెప్పిన ప్రకారము అప్పుడప్పుడు పెద్ద రోడ్డు మీద నిలకడగా కొంతసేపు నడుపవలెను. పట్టణములో కొద్ది దూరములే తిరుగువారు డీజిలు బండి కొనకముందే దీనిని ఆలోచించుట మేలు.

పెట్రోలు మూత: అమెరికాలో ఇది పేరుమోసిన కారణము. అక్కడి నియమము ప్రకారము ట్యాంకునుండి ఆవిరి లీకగుచున్నదేమో కారే పరీక్షించుకొనును గనుక, మూత వదులుగా ఉన్నను దీపము వెలుగును. యూరప్ పద్ధతిని అనుసరించిన మన దేశపు కార్లలో ఇది తక్కువ. అయినను మూత బిగించి చూచుటకు ఖర్చు లేదు.

ఖరీదైన మాట: కెటలిటిక్ కన్వర్టరు

పీ0420 కోడు చూపినప్పుడు షెడ్డులో పెద్ద అంకె చెప్పుదురు. ఆ భాగములో ప్లాటినము, పల్లాడియము, రోడియము అను విలువైన లోహములు పలుచని పూతగా ఉండును గనుక దాని వెల ఎక్కువ. అయితే అది తనంతట తాను చెడుట అరుదు, దానిని చంపినది మరొకటి ఉండును. మిస్ కొట్టు ఇంజన్‌నుండి కాలని పెట్రోలు వచ్చి దానిలో మండినచో లోపలి గూడు కరగిపోవును. ఇంజన్ ఆయిలు కాల్చుచున్నచో పూత మూసుకొనిపోవును. ఆ మూలకారణమును సరిచేయక కొత్త కన్వర్టరు వేసినచో అదియు అదే దారిన పోవును. మిణుకుమను దీపమును లెక్కచేయక వారము రోజులు నడిపినవాడు, ఒక కాయిలు ఖర్చుతో పోవలసినదానిని ఎన్నో రెట్లు పెంచుకొన్నవాడగును. ముందుగా సైలెన్సరు గొట్టములో లీకు లేదని, వెనుక సెన్సరు సరిగా ఉన్నదని పరీక్షింపజేసి, ఆ తరువాతనే కన్వర్టరు మాట ఎత్తనివ్వండి.

ఆర్పివేసిన దీపము

స్కానరుతో కోడు చెరుపుట, బ్యాటరీ వైరు తీసి పెట్టుట, ఇవి రెండును దీపమును ఆర్పును గాని లోపమును తీయవు. పైగా కంప్యూటరు వ్రాసిపెట్టుకొన్న సాక్ష్యమంతయు పోవును, మేస్త్రికి వెదకుటకు ఆధారముండదు. కాబట్టి కోడును కాగితము మీద వ్రాసుకొనక మునుపు ఎవరిని చెరుపనివ్వకండి.

కొందరు బండి అమ్ముటకు ముందురోజు చెరిపించుదురు. మరికొందరు ఆ దీపము వెలుగకుండ వైరే తీసివేయుదురు. కొన్నవాడు మన ఊరివాడే, మనవలె పిల్లలు గలవాడే. అతడు కట్టవలసిన వాయిదాలు మన ఎదుట ఉండవు గాని, అతని ఇంటిలో ఉండును. లోపము చెప్పి వెల తగ్గించుకొనుటలో నష్టమున్నది, చెప్పక అమ్ముటలో ఉన్నది మోసము. ఈ మాట మేము మెత్తగా చెప్పలేము.

పాత కారు కొనువారు మోసపోకుండ రెండు పరీక్షలు చేయవచ్చును. మొదటిది, ఇంజన్ స్టార్టు చేయకుండ కీ మాత్రము ఆన్ చేసి చూడండి. ఇంజన్ బొమ్మ తప్పక వెలుగవలెను, స్టార్టు అయిన వెంటనే ఆరవలెను. అసలు వెలుగనే లేదంటే ఎవరో దాని నోరు మూసినారు. రెండవది, స్కానరు పెట్టి కారు తన స్వంత పరీక్షలను పూర్తిచేసినదా అని చూడండి. చాలా పరీక్షలు ఇంకను పూర్తికాలేదని చూపినచో, ఈమధ్యనే కోడు చెరిపినారని గాని బ్యాటరీ తీసినారని గాని అర్థము. నాలుగు రోజులు నడిపిన తరువాత మరల చూచి కొందుమని చెప్పండి. దాచవలసినది లేనివాడు దానికి ఒప్పుకొనును.

పొల్యూషన్ సర్టిఫికెట్ ఉన్నది గదా అని కొందరు అడుగుదురు. పెట్రోలు బండి నిలిచియుండగా సైలెన్సరునుండి వచ్చు పొగలో కార్బన్ మోనాక్సైడు, హైడ్రోకార్బన్లు ఎంత ఉన్నవో ఆ పరీక్షలో కొలిచెదరు. సాధారణముగా ఈ దీపమును గూర్చి అడుగరు. గనుక ఆ కాగితము ఉన్నంత మాత్రమున లోపము లేదనుకొనరాదు. అమెరికాలోనున్న మనవారికి పరిస్థితి వేరు. పొగ పరీక్ష ఉన్నచోట్ల, ఉదాహరణకు కాలిఫోర్నియాలోను, టెక్సస్‌లోని డల్లాస్, హ్యూస్టన్ ప్రాంతములలోను, దీపము వెలుగుచున్న కారు పరీక్షలో తప్పును. అంతకుముందు రోజు చెరిపించుకొని పోయినను, పరీక్షలు పూర్తికాలేదని యంత్రమే పట్టివేయును.

మేస్త్రి యొద్దకు పోవునప్పుడు

దీపము వెలిగినప్పుడు ఒక చిన్న పుస్తకములో ఈ సంగతులు వ్రాసుకొనండి: వెలిగిన తేది, ఎన్ని కిలోమీటర్లు తిరిగినది, అప్పుడు ఇంజన్ చల్లగా ఉన్నదా వేడిగా ఉన్నదా, వర్షము పడినదా, అంతకుముందు ఎక్కడ పెట్రోలు పోయించితిరి, ఈమధ్య షెడ్డులో ఏ పని జరిగినది. ఎయిర్ ఫిల్టరు మార్చిన మరునాడే వెలిగినచో, తిరిగి బిగించని ఒక కప్లరో గొట్టమో కారణము కావచ్చును.

షెడ్డులో మూడు ప్రశ్నలు మర్యాదగా అడుగండి. "కోడు ఏమి వచ్చింది, వ్రాసి ఇవ్వగలరా?" "ఈ భాగమే పోయిందని ఏ పరీక్ష వలన తేలింది?" "తీసిన పాత భాగము మాకు ఇస్తారా?" మంచి మేస్త్రి ఈ ప్రశ్నలకు కోపపడడు, సంతోషించును. పరీక్షించుటకు అతడు తీసికొను రెండు మూడు వందలు దండుగ అనుకొనకండి. మనకు ఏ భాగమూ అమ్మకుండ, అక్కరలేదని చెప్పి పంపిన మేస్త్రికే మొదట కూలి ఇచ్చి కృతజ్ఞత తెలుపవలెను. ఆలాటివారు బ్రదికినప్పుడే మన బండ్లు, మన వాయిదాలు భద్రముగా ఉండును.

ఈ వారమే ఒకసారి, కీ ఆన్ చేసి, స్టార్టు చేయకమునుపు మీ కారులో ఆ పసుపు బొమ్మ వెలుగుచున్నదో లేదో చూడండి. ఇంటిలో నడుపగలిగిన ప్రతివారికిని, ముఖ్యముగా కొత్తగా నేర్చుకొనుచున్న పిల్లలకు, ఏ దీపమునకు వెంటనే ఆపవలెనో, ఏ దీపమునకు నిదానముగా ఇల్లు చేరవచ్చునో చూపించి చెప్పండి. పది నిమిషముల పని.